నీఱుగప్పిన నిప్పా, నివురుగప్పిన నిప్పా?

అనువాదకురాలు: కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాల్లో కొందరు పిల్లలకు వచ్చే ఎమ్‌ఐఎస్-సి (ఒంట్లో చాలా అవయవాలకు ఒకేసారి వాపు తెచ్చే జబ్బు) గురించి తల్లిదండ్రుల కోసం కరపత్రం రాస్తున్నాను. "నివురుగప్పిన నిప్పులా" అని మొదలుపెట్టాను. కానీ ఎప్పుడో చదివిన పద్యంలో బండి ఱతో "నీఱుగప్పిన నిప్పు..." అని ఉన్నట్టు లీలగా గుర్తు. ఆ తర్వాతి మాటలు ఎంతకీ అందడం లేదు. ఎవరికైనా తెలుసా?

తెలుగు మాస్టారు: పద్యం సంగతి అలా ఉంచండి, మాట మాత్రం నీఱే. నీఱంటే బూడిద. తమిళులు విభూతిని తిరునీఱు అంటారు. ఈ నానుడి వాళ్లకూ ఆ మాటతోనే ఉంది. మనం బండి ఱ వదిలేశాక "నీరుగప్పిన" అని అచ్చయితే చదివినవాళ్లకు నీళ్లు గుర్తొస్తాయి. నీళ్లు పోస్తే నిప్పెక్కడ మిగులుతుంది? అందుకే నివురు నిలబడిందని నా సిద్ధాంతం.

ఛందస్సు అభిమాని: మాస్టారూ, నివురు తర్వాత వచ్చిందనడానికి ఆధారం చూపాలి. నీఱు గలం, నివురు నగణం, రెండూ సూర్యగణాలే. వెంటనే "గప్పిన" భగణం. తేటగీతి ఎత్తుగడకు రెండూ అతుకుతాయి. యతికి చూసినా ని, నీ తేడా లేదు. కాబట్టి ఛందస్సు ఈ తగువు తీర్చదు.

పిల్లల డాక్టరు: ఱ, ర సంగతి మీరు తేల్చండి. నాకు నానుడి మీదే అభ్యంతరం. నివురు కింద ఉండేది పాత నిప్పే. ఇక్కడ వైరస్ చాలావరకు పోయి ఉంటుంది. వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష తరచుగా నెగటివ్, వైరస్ వచ్చి వెళ్లిందని చెప్పే యాంటీబాడీలు పాజిటివ్. చెలరేగేది బిడ్డ సొంత రోగనిరోధక వ్యవస్థ. ఈ పోలిక చదివి "వైరస్ ఇంకా లోపలే ఉంది, ఇంట్లో అందరికీ అంటుకుంటుంది" అని టెన్షన్ పడితే ఎలా? చాలామంది పిల్లలకు మొదటి ఇన్‌ఫెక్షన్ జలుబులా పోయి ఉంటుంది, కొందరికి వచ్చినట్టే తెలియదు. తర్వాత వదలని జ్వరం, పుసులు లేకుండా ఎర్రబడిన కళ్లు, దద్దుర్లు, వాంతులు, విరేచనాలు. కడుపునొప్పి చూసి అపెండిసైటిస్ అనుకునేంతగా ఉంటుంది. గుండె కండరం దెబ్బతిని బీపీ పడిపోతే కాళ్లూ చేతులూ చల్లబడతాయి, బిడ్డ మగతగా పడి ఉంటాడు. ముందు అవి రాయండి.

పద్యప్రేమికురాలు: డాక్టరుగారూ, మీరు చెప్పిన స్థితిని పోతన గజేంద్రుడి నోట పలికించాడు. "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను." ప్రాణం అనలేదు, ప్రాణంబులు అన్నాడు. గుండె, పేగులు, చర్మం, రక్తం అన్నీ ఒకేసారి చోటు తప్పడమే కదా ఈ జబ్బు. ఆ బహువచనం దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను.

తెలుగు మాస్టారు: బహువచనం పంచప్రాణాల వల్లనమ్మా, అందులో వింత లేదు. ఆ పాదంలో ప్రాణమంతా "ఠావుల్"లోనే ఉంది. ఇక నానుడి విషయానికొస్తే, విరాటుడి కొలువులో తేజస్సు దాచుకున్న పాండవుల లాంటివాళ్లకు చెప్పే మాట అది. పత్రికలు దాన్ని అల్లర్లు అణగిన ఊళ్లకు తగిలించాయి.

అనువాదకురాలు: అలాగైతే నిప్పు వైరస్ కాదు, ఒంట్లోని రోగనిరోధక శక్తి. పైకి బాగున్నట్టు కనిపించే ఆ కొన్ని వారాలు నివురు. అర్థం కుదిరినట్టే కదండీ?

పిల్లల డాక్టరు: మీకు కుదిరింది. అర్ధరాత్రి జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని చదివే తల్లికి అంత తీరిక ఉండదు.

ఛందస్సు అభిమాని: చంటిపిల్లల మాటేమిటి?

పిల్లల డాక్టరు: ఇది ఎక్కువగా బడి వయసు పిల్లల జబ్బు, చంటివాళ్లలో తక్కువ. కానీ వాళ్లు కడుపునొప్పి అని చెప్పలేరు. పాలు తాగకపోవడం, ఎత్తుకున్నా ఊరుకోని ఏడుపు, లేపినా లేవని మగత చూడాలి. కొందరిలో అచ్చం కవసాకి జబ్బులా, అంటే పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బులా ఉంటుంది. టొమిసాకు కవసాకి 1961లో తొలి కేసు చూసి, 1967లో 50 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. ఈ కొత్త జబ్బుకు 2020 మే 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చింది. లోకమంతా దీన్ని ఆయన జబ్బుతో పోల్చి చూస్తుండగానే, జూన్‌లో ఆయన వెళ్లిపోయారు. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వైద్యం విషయంలోనూ ఆ అనుభవం పనికొచ్చింది. ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు కిలో బరువుకు 2 గ్రాములు, స్టెరాయిడ్లు, గుండె రక్తనాళాలు ఉబ్బాయేమో చూడటానికి ఎకో అనే గుండె స్కానింగ్. వేళకు తీసుకొస్తే చాలామంది కోలుకుంటారు. అది పెద్ద అక్షరాల్లో వేయండి.

అనువాదకురాలు: సరేనండి. పోలిక తీసేసి "కోవిడ్ తగ్గిన కొన్ని వారాలకు జ్వరం తిరగబెడితే వెంటనే డాక్టరుకు చూపించండి" అని మొదలుపెడతాను.

తెలుగు మాస్టారు: తిరగబెట్టడమంటే తగ్గిన జబ్బే మళ్లీ రావడం. డాక్టరుగారు ఇది వేరే జబ్బంటున్నారు కదా. "మళ్లీ జ్వరం వస్తే" అనండి, తప్పుండదు.

పద్యప్రేమికురాలు: ఆ తేడా మనకు మాస్టారూ. తల్లి ఫోన్ చేసి అనే మాట "జ్వరం తిరగబెట్టిందండీ" అనే. అదే ఉంచమ్మా.

తెలుగు మాస్టారు: వాడుకలో ఉంది కదా అని అర్థం మారదు. రేపు పాత అచ్చుల్లో ప్రయోగాలు వెతికి పెడతాను.