క్వాండరీయా, బియర్‌స్టాటా? జూలైలో డాలస్ నుంచి నలుగురం వస్తున్నాం

ఇర్వింగ్_కుర్రాడు:
అన్నలూ అక్కలూ, జూలై మూడో వారాంతం కొలరాడో ప్లాన్. నలుగురం, ఇంజనీరింగ్ నుంచి ఒకే బ్యాచ్. శుక్రవారం రాత్రి డెన్వర్‌లో దిగడం, శనివారం పొద్దున్నే ఫోర్టీనర్ (14,000 అడుగులు దాటిన కొండ) ఎక్కడం, ఆదివారం రాత్రికి ఇల్లు. క్వాండరీ మేలా, బియర్‌స్టాట్ మేలా? పార్కింగ్ సంగతేంటి? బూట్లు కొనాలా? తిండి ఏం తెచ్చుకోవాలి? మాలో ఒకడు కాస్త నెమ్మదిగా నడుస్తాడు, అది కూడా చూసి చెప్పండి.

ఆరోరా_అక్క:
తిండి సంగతి నేను చెప్తాను తమ్ముడూ. 13,000 అడుగులు దాటాక ఆకలి చచ్చిపోతుంది. ప్రోటీన్ బార్లు గొంతులో అడ్డం పడతాయి. చింతపండు పులిహోర, రెండు ఊరమిరపకాయలు పెట్టుకోండి, ఆ పులుపుకీ కారానికీ నాలుగు ముద్దలు దిగుతాయి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, అందులో ఒక లీటరు ఉప్పూ పంచదారా కలిపినవి. క్వాండరీ మీద కొండమేకలు ఉప్పు కోసం మనుషుల వెంట పడతాయి. ముద్దొస్తున్నాయని చేత్తో తినిపించకండి, దయచేసి.

గోదారి_గట్టు:
ఆ నెమ్మదిగా నడిచే కుర్రాడి గురించి మాట్లాడతానండి, ఎందుకంటే పోయిన వేసవిలో ఆ కుర్రాణ్ణి నేనే. గ్రేస్, టోరీస్ కొండలు రెండూ కలిపి ఎక్కడానికి వెళ్లాం. 12,500 దగ్గర నాకు ఆయాసం వచ్చింది. "నువ్వు మెల్లగా రా, పైన కలుద్దాం" అని ముగ్గురూ వెళ్లిపోయారండి. కారు తాళం వాళ్ల దగ్గర. నీళ్ల ఫిల్టరు వాళ్ల దగ్గర. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పదకొండుకి వడగళ్లు మొదలయ్యాయి. చెట్టు అన్నది లేని చోట, రాళ్ల మధ్య, వాళ్లు ఎటు నుంచి వస్తారో తెలీకుండా కూర్చున్నానండి. కిందికొచ్చాక "ఫోటోలు భలే వచ్చాయి" అన్నారు. వాళ్లతో మాటలు తగ్గిపోయాయి.

కొండల_రాయుడు:
గట్టు గారూ, మీ బాధ అర్థమైంది, కానీ కొత్తవాళ్లకి తప్పు సలహా వెళ్తోంది. లాంగ్స్ కొండ కీహోల్ నుంచి క్యాపిటల్ కొండ నైఫ్ ఎడ్జ్ దాకా కష్టమైన దారుల్లో తిరిగినవాణ్ణి, అనుభవంతో చెప్తున్నా. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నానికి పిడుగులు ఖాయం. పన్నెండు లోపు చెట్లున్న ఎత్తుకి, అంటే 11,500 ప్రాంతానికి దిగిపోవాలి. ఒకడి కోసం నలుగురూ ఆగితే నలుగురూ శిఖరం కింద మెరుపుల్లో చిక్కుకుంటారు. ఎవరి నడక వాళ్లది. నెమ్మదైనవాడు ముందే వెనక్కి తిరగాలి.

కరీంనగర్_బిడ్డ:
ఏం మాట్లాడుతున్నవన్నా? వెనక్కి తిరగాలె సరే, ఒక్కడే తిరగాల్నా? ఎత్తు పడనోనికి ముదిరితె బుద్ధి గూడ పోతది. తాగినోని లెక్క తూలుతడు, దారి తప్పుతడు, "నేను మంచిగనే ఉన్న" అంటడు. గసువంటోన్ని ఒంటరిగ దింపుతవా? నలుగురు పోతే ఇద్దరిద్దరు విడిపోవాలె. ఒకడు దిగితె వానితోని ఇంకొకడు దిగాలె. శిఖరం ఎటు పోదు.

కొండల_రాయుడు:
నేను ఒంటరిగా దింపమనలేదు, నా పోస్టు మళ్లీ చదవండి. ఒంటరిగా నడవడమే పాపం అంటే మన మల్లి మస్తాన్ బాబు ఏం సాధించేవాడు? 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు.

నెల్లూరోడు:
రాయుడు గారా, ఆ పేరు ఇక్కడికి ఎందుకు తెచ్చారు? మా జిల్లా మనిషి. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. రోజుల తరబడి వెతికితేగానీ దొరకలేదు. మేమంతా ఆ రోజుల్లో ఫోన్లు పట్టుకుని నిద్రపోలేదు. ఆయన సాధన వేరు, ఆఫీసు కుర్చీలోంచి లేచి శనివారం కొండెక్కే మన సంగతి వేరు. స్నేహితుణ్ణి వదిలేసి పోవడానికి ఆయన్ని సాక్ష్యం పిలవడం నాకు నచ్చలేదు.

కొండల_రాయుడు:
ఆయనంటే నాకూ అంతే గౌరవం. ఆ వాక్యం వెనక్కి తీసుకోను, కానీ పెంచను.

పార్కర్_మావ:
గొడవ ఆపండయ్యా. కొత్తవాళ్లకి డెకాలిబ్రాన్ చెప్పండి, అదే డెమొక్రాట్, కామెరాన్, లింకన్, బ్రాస్ కొండల్ని కలిపే దారి. కైట్ లేక్ దగ్గర 12,000 అడుగుల నుంచే నడక మొదలు, ఒక్క రోజులో నాలుగు శిఖరాలు! మేం ఫ్రెండ్సంతా కలిసి కొట్టాం.

కొండల_రాయుడు:
మూడే. కామెరాన్ లెక్కలోకి రాదు. పక్క కొండకీ దానికీ మధ్య 300 అడుగుల పల్లం ఉంటేనే వేరే శిఖరం. పైగా బ్రాస్ కొన ప్రైవేటు స్థలం, అక్కడికి వెళ్లకూడదు. మీరు వెళ్లారా?

పార్కర్_మావ:
మా కాళ్లు ఎక్కాయి, మా కాళ్లకి అది నాలుగే. బ్రాస్ దగ్గర దారి కొనకి కిందుగా చుట్టి పోతుంది, ఆ దారినే వచ్చాం. ప్రతిదానికీ పరీక్ష పెట్టకండి.

నైట్_డ్యూటీ_నర్స్:
ఇంతమంది రాశారు, శుక్రవారం రాత్రి దిగి శనివారం ఎక్కడం గురించి ఒక్కరూ అడగలేదేం? డాలస్ ఎత్తు 500 అడుగులు కూడా లేదు. మర్నాడు పొద్దున 14,000 మీద నిలబడతారు, అక్కడ ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో అందేదాంట్లో 60 శాతమే. నెమ్మదిగా నడిచేవాడికే కాదు, మీలో అందరికంటే బలంగా ఉన్నవాడికీ తలనొప్పి, వాంతులు రావచ్చు. జిమ్‌కి వెళ్తున్నా అంటే ఎత్తు వినదు. గురువారం రండి. ఒక రాత్రి డెన్వర్‌లో, ఒక రాత్రి బ్రెకెన్‌రిడ్జ్‌లో పడుకోండి. డయమాక్స్ (ఎత్తు పడకపోవడానికి వాడే మాత్ర) కావాలంటే డాక్టర్‌తో మాట్లాడండి, సల్ఫా మందులు పడవని ఉంటే తప్పకుండా చెప్పండి. అది వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లాలి, భయపడకండి. తలనొప్పితో పాటు తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అప్పటికప్పుడు దించాలి. మాత్ర వేసి పైకి లాక్కెళ్లొద్దు.

కరీంనగర్_బిడ్డ:
అక్క చెప్పింది ముత్యమసొంటి మాట. ఇంకోటి, కోర్సార్ కార్డు కొనుక్కోండ్రి, కొలరాడోల కొండల మీద తప్పిపోయినోళ్లను వెతికేటోళ్ల కోసం అమ్మే కార్డు. తక్కువ పైసలే. మనకోసం అర్ధరాత్రి కొండెక్కి వెతికేటోళ్లు వలంటీర్లు, జీతం లేదు వాళ్లకి. ఆ పైసలు వాళ్ల ఖర్చులకు పోతయి.

లెడ్‌విల్_లో_వంట:
ఎల్బర్ట్ కొండ ఎక్కడం కోసం లెడ్‌విల్‌లో గది తీసుకునేవాళ్లు కుక్కర్ తెచ్చుకోండి. 10,000 అడుగుల పైన నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకే.

బ్రెక్_బాబాయ్:
అడిగినదానికి జవాబు. క్వాండరీకి వేసవిలో పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, లేదంటే బ్రెకెన్‌రిడ్జ్ నుంచి షటిల్. బియర్‌స్టాట్ దగ్గర, గ్వానెల్లా పాస్‌లో, ముందొచ్చినవాడిదే చోటు. శనివారం తెల్లారకముందే నిండిపోతుంది. బియర్‌స్టాట్ ఎక్కడం కొంచెం తక్కువ, మొదట్లో చిత్తడి నేల, పైన బండరాళ్లు. క్వాండరీలో దారి సూటిగా ఉంటుంది, ఆఖరి వెయ్యి అడుగులు మాత్రం ఊపిరి తీస్తుంది. మొదటిసారికి నా ఓటు బియర్‌స్టాట్. వెనక్కి తిరగాల్సొచ్చినా కారు దగ్గర్లోనే ఉంటుంది.

ఇర్వింగ్_కుర్రాడు:
అందరికీ దండాలు. టికెట్లు గురువారానికి మార్చాం. బియర్‌స్టాట్ ఖాయం, ఇద్దరిద్దరు జట్లుగా నడుస్తాం, తాళం ఒకటి చొప్పున రెండు జట్ల దగ్గరా ఉంటుంది. గట్టు అన్నా, ఆ రోజు మీరు రండి మాతో. బూట్ల గురించి ఎవరూ చెప్పలేదు.

గోదారి_గట్టు:
వస్తానండి. గ్వానెల్లా దగ్గర నాలుగున్నరకి ఉంటాను.

ఆరోరా_అక్క:
బూట్లు కొత్తవి వద్దు తమ్ముడూ. ఇప్పుడు తొడుక్కునే స్పోర్ట్స్ షూకి అడుగున పట్టుంటే చాలు. సాక్సులు రెండు జతలు, ఆ చిత్తడిలో మొదటి జత తడుస్తుంది. పులిహోర ఐదుగురికి కలుపుతున్నా, గురువారం మా ఇంటికి వచ్చి పట్టుకెళ్లండి.