కాయలున్న బొప్పాయికి వైరస్ పడితే కొట్టేయాల్నా, ఉంచాల్నా?

తిరుపతి_పెరడు: రెడ్ లేడీ, నాలుగు చెట్లు. ఒకదానికి లేతాకులు తాళ్లలాగా సన్నబడినాయి. దాని మీద ముప్పై కాయలుండాయి. ఏం చేయాల?

చంద్రగిరి_సాగు: ముందు ఆకు కాడ చూడండి. నూనె పూసినట్టు ముదురాకుపచ్చ చారలు, కాయ తోలు మీద ఉంగరాలు ఉంటే రింగ్‌స్పాట్ వైరస్. అవి లేకుండా లేతాకులే ముడుచుకుంటే ఆకు రసం పీల్చే నల్లి కావచ్చు. వైరస్సయితే మందు లేదు, మొదలంటా కొట్టేయాల.

తిరుపతి_పెరడు: చారలూ ఉండాయి, ఉంగరాలూ ఉండాయి.

వేపనూనె: లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు. వారానికోసారి కొడితే వైరస్‌ను మోసే పేనుబంక పురుగు పోతుంది, వైరస్ ఆగుతుంది. కాయలున్న చెట్టును నరకమంటారే!

చంద్రగిరి_సాగు: పేనుబంక బొప్పాయి మీద కాపురం పెట్టదు సార్. రెక్కలున్న పేనుబంక వచ్చి వాలి, ముట్టె గుచ్చి రుచి చూసి పోతుంది. అంటించడానికి కొన్ని సెకన్లు చాలు. మీ మందు పనిచేసేలోగా దాని పని అయిపోయుంటుంది.

మదనపల్లి_మిద్దె: విత్తనంలో వస్తుందా?

చంద్రగిరి_సాగు: రాదు.

వేపనూనె: నరికింది ఎక్కడ వేయాల? ఎరువుగుంతలో వేస్తే రోగం మట్టికి పట్టదా? దీనికి జవాబు చెప్పండి.

చంద్రగిరి_సాగు: పట్టదు. ఎండిన ఆకు మీద ఆ పురుగు వాలదు. గుంతలోనే వేయండి.

వేపనూనె: గుంత సంగతి సరే. ముప్పై కాయలు ఊరికే పోవాల్నా?

చంద్రగిరి_సాగు: ఎదిగినవి దించి కూర చేసుకోండి, మనిషికేమీ కాదు. పండినా తీపి తక్కువే. మీ కాయలు పండేదాకా ఆ చెట్టు నుంచి పక్కిళ్లకు అంటుకుంటా ఉంటుంది, అదీ నా బాధ!

వేపనూనె: సందులో పది చెట్లకు ఉంటే ఒకటి నరికి ఏం లాభం? అందరూ నరికితే నేనూ నరుకుతా.

మదనపల్లి_మిద్దె: ఆ మాటా కొట్టేసేది కాదు. హవాయిలో 1992లో పునా తోటల్లోకి ఈ వైరస్ వచ్చినాక నరికినా ఆగలేదు. 1998లో రెయిన్‌బో అనే జన్యుమార్పిడి రకం వచ్చినాకే నిలదొక్కుకున్నారు. మనకు ఆ దారి లేదు.

తిరుపతి_పెరడు: కొట్టేస్తా. మళ్లీ నాటేదెట్లా?

చంద్రగిరి_సాగు: నారు దోమతెర కింద పెంచండి. చుట్టూ రెండు వరుసలు జొన్న ముందే వేసి, అది ఏపుగా లేచినాక నాటండి. పురుగు ముందు జొన్నలో గుచ్చితే ముట్టెకున్న వైరస్ అక్కడే పోతుంది. పక్కన పుచ్చ, గుమ్మడి వద్దు, వాటికీ ఇదే అంటుతుంది. మిగిలిన మూడు చెట్ల లేతాకులు రోజూ తిప్పి చూడండి.

వేపనూనె: పక్కింటాయన్ని ముందు నరకమనండి.