క్రోమ్ నుంచి నేరుగా బిల్లు ప్రింటరుకి: ఎవరైనా చేశారా?

పలాస_జీడి: మా జీడిపప్పు కొట్టు బిల్లింగంతా క్రోమ్‌లోనే. 58 మి.మీ. థర్మల్ ప్రింటరు, విండోస్ 10. వెబ్‌యూఎస్‌బీ (వెబ్ పేజీ నేరుగా యూఎస్‌బీ పరికరంతో మాట్లాడే పద్ధతి) జాబితాలో ప్రింటరు కనిపిస్తోంది, ఎంచుకోగానే ‘యాక్సెస్ డినైడ్’. ఫైర్‌ఫాక్స్‌లో ఆ జాబితాయే రాదు. ఫోన్లో అవుతాదా? బిల్లు తెలుగులో కావాలి.

రాజాం_రిపేర్లు: విండోస్ సొంత ప్రింటరు డ్రైవరు దాన్ని పట్టుకుని ఉంది, క్రోమ్‌కి ఇవ్వదు. జాడిగ్ అనే డ్రైవర్లు మార్చే టూల్‌తో దాని బదులు విన్‌యూఎస్‌బీ అనే డ్రైవరు ఎక్కించండి. రెండు నిమిషాల పని.

బొబ్బిలి_బిల్లింగ్: రెండు నిమిషాలేటండీ! ఈ సలహా విని సంక్రాంతి ముందురోజు నేనూ ఎక్కించాను. మిగతా సాఫ్ట్‌వేర్లన్నిటికీ ప్రింటరు మాయం. కొట్టు నిండా జనం, రాత్రి పదింటి దాకా చేత్తో బిల్లులు రాశాను.

రాజాం_రిపేర్లు: వెనక్కి తేవచ్చు కదా. డివైస్ మేనేజర్లో అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, డ్రైవరు కూడా తీసేయమని టిక్కు పెట్టి, కేబుల్ పీకి మళ్లీ పెట్టాలి. పదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను.

బొబ్బిలి_బిల్లింగ్: ఆ ముక్క ముందే చెప్పాల. పదేళ్ల అనుభవం ఉన్నోళ్లు సగం చెప్పి వదిలేస్తే మునిగేది మేము.

చీపురుపల్లి_సేవ: డ్రైవరు ముట్టుకోకండి. మా ఆధార్ వేలిముద్ర మిషన్లు చూడండి. ఆర్‌డీ సర్వీసని కంప్యూటర్లోనే ఒక ప్రోగ్రాం నడుస్తుంది, 11100 నుంచి 11120 లోపు ఏదో ఒక పోర్టులో. పేజీ 127.0.0.1 కే, అంటే అదే కంప్యూటరుకే అడుగుతుంది, బ్రౌజరు యూఎస్‌బీ జోలికే పోదు. ప్రింటరుకీ అలాంటిదొకటి రాయించుకోండి.

టెక్కలి_బోర్డులు: మా మడి మోటారుకి ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలరు బోర్డు పెట్టాను. ప్రోగ్రాం బ్రౌజరు నుంచే ఎక్కించా, వెబ్ సీరియల్‌తో (పేజీ సీరియల్ పోర్టుతో మాట్లాడే పద్ధతి). క్రోమ్ 89 నుంచి ఉంది, 2021లో వచ్చింది. పోర్టు కనిపించక మూడ్రోజులు చచ్చాను. చూస్తే అది ఛార్జింగ్ కేబులు, లోపల డేటా తీగలే లేవు.

రాజాం_రిపేర్లు: ఆయనడిగింది ప్రింటరండీ! మోటారెందుకు?

విజయనగరం_కోట: ఫైర్‌ఫాక్స్ ఇవ్వకపోవడమే మంచిది. 2018లో దొంగ పేజీ నుంచి యూబీకీతో (లాగిన్ భద్రత కోసం పెట్టే యూఎస్‌బీ తాళం) వెబ్‌యూఎస్‌బీ ద్వారా మాట్లాడించవచ్చని పరిశోధకులు చూపించారు. ఆ తర్వాతే క్రోమ్ దారి మూసింది.

రాజాం_రిపేర్లు: మనం నొక్కితేనే కదా అనుమతి. హెచ్‌టీటీపీఎస్ లేని సైటుకి ఆ అవకాశమే లేదు. పెన్‌డ్రైవులు, కీబోర్డులు ఎలాగూ ముట్టనివ్వదు.

విజయనగరం_కోట: చదివి నొక్కేవాళ్లు ఎంతమందేటి? మా నాన్న ఏది వచ్చినా ‘అలౌ’ నొక్కేస్తారు. నాకు భయం అక్కడే.

పలాస_జీడి: డ్రైవరు మార్చలేదు. ఓటీజీ వైరుతో ఆండ్రాయిడ్ ఫోను క్రోమ్‌కి కలిపితే మొదటిసారికే ప్రింటయింది! తెలుగు ఉండాల్సిన చోట మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలే.

బొబ్బిలి_బిల్లింగ్: ఆ ప్రింటర్లలో తెలుగు ఫాంటు ఉండదు. కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే చోటు) మీద బిల్లు గీసి బొమ్మగా పంపండి. 58కి వెడల్పు 384 చుక్కలు, 80కి 576.

పలాస_జీడి: వచ్చింది అన్నా! 24 చుక్కల ఎత్తులో వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, 32 పెట్టాను. ‘జీడిపప్పు డబ్ల్యూ 240, అర కేజీ’ అని పప్పులో ప వత్తుతో సహా దిగింది. కాయితం గల్లా పెట్టె మీద అతికించాను.