లండన్‌లో లెక్కల టీచరుని: భోజనం తర్వాతి క్లాసు కుదురుకోవడం లేదు

లండన్‌లో ఒక ప్రభుత్వ సెకండరీ స్కూల్లో సెప్టెంబరు నుంచి లెక్కలు చెబుతున్నాను. ఇబ్బంది ఒక్క క్లాసుతోనే: ఇయర్ 9, 13-14 ఏళ్ల పిల్లలు 28 మంది, మంగళ, గురువారాల్లో మధ్యాహ్న భోజనం కాగానే. మొదటి పావుగంట మాటలకే సరిపోతోంది. ఇదే పిల్లలు సోమవారం ఉదయం బుద్ధిగా కూర్చుంటారు కాబట్టి నా యాస అర్థం కాక అనుకోలేను.

కూర్చునే చోట్లు రెండుసార్లు మార్చాను. నిశ్శబ్దం కోసం అయిదు నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టాను. వాళ్లూ నాతో కలిసి లెక్కపెట్టారు! డిటెన్షన్ (శిక్షగా అదనపు సమయం బడిలో ఆపి ఉంచడం) ఒక్క వారమే పనిచేసింది. గుంటూరులో గొంతు పెంచితే చాలేది, ఇక్కడ నవ్వుతున్నారు.

ఇక్కడి బడుల్లో పనిచేసినవారు చెప్పండి: ఇలాంటి క్లాసులో పిల్లలు గుమ్మం దాటిన మొదటి అయిదు నిమిషాల్లో మీరు వారితో ఏమి చేయిస్తారు?