బతుకమ్మకు తంగేడు, గునుగు కోయడం ఆపాలా?

చెలకగట్టు: పెత్రమాస వస్తోందంటే చాలు, ట్రాలీల నిండా గునుగు మోపులు, తంగేడు కట్టలు సిటీలో దిగుతాయి. పువ్వు కోస్తే సరే, కొమ్మలకు కొమ్మలే విరుస్తున్నారు. కాయ కట్టనీయకపోతే వచ్చే ఏటికి మొక్కేది? తంగేడు మన రాష్ట్ర పుష్పం కూడానాయె. బంతి, చామంతితో పేర్చుకుంటే పోలా?

మక్కచేను: అన్నా, గునుగు సంగతి చేన్లో చూసి మాట్లాడాలె. కంకి కింది నుంచి పైకి పూస్తూ పోతుంది. కొనన గులాబీ రంగు ఇంకా ఉండగానే అడుగున గింజ పండి ఉంటుంది. అరచేతిలో దులిపితే నల్లగా మెరిసే సన్న గింజలు రాలతాయి. కోసేటప్పుడే కొన్ని చేన్లో పడతాయి. దాన్ని తరిమేసేది కోత కాదు, కలుపు మందు. మక్కలో అట్రాజిన్ కొట్టాక వెడల్పాకు కలుపు చాలావరకు మొలకలోనే మాడిపోతుంది.

చెలకగట్టు: మరి మందు మానేస్తారా?

మక్కచేను: కూలీలు దొరికితే మానేస్తాం. మీరొచ్చి కలుపు తీస్తారా? గట్ల మీద మాత్రం కొట్టకుండా వదలొచ్చు, ఆ మాట ఒప్పుకుంటా.

గుట్టబోడు: తంగేడుది వేరే కథ. ఒకప్పుడు తోళ్లు ఊనడానికి దాని బెరడు ఒలిచేవాళ్లు, వరి మడిలో ఎరువుగా తొక్కడానికి రొట్ట కోసేవాళ్లు. నరికినా మళ్లీ చిగురించే జాతి. దానికి కావలసింది మొరం నేల, నెత్తిన ఎండ. మనం 'ఖాళీ జాగా' అనేది సరిగ్గా అదే. ప్లాట్లు చేసేదీ, కంకర తవ్వేదీ అక్కడే. 2015లో హరితహారం మొదలయ్యాక మొక్కలు నాటడం ఊపందుకుంది, మంచిదే. కానీ తంగేడు పొదలున్న బోడగుట్టను దున్ని చెట్లు పెట్టడం ఏం పచ్చదనమో నాకర్థం కాదు. నీడలో తంగేడు సరిగా పూయదు. ఆ పువ్వులో తేనె కూడా ఉండదు. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. పొద పోతే ఆ తుమ్మెదకూ తిండి తగ్గుతుంది. బంతి అంటారా, అది మెక్సికో నుంచి వచ్చింది, ఈ నేలతో దానికి ఆ బంధం లేదు.

చెలకగట్టు: నేల పోతోందనేది నిజమే అక్కా. అందుకే సిటీ చుట్టూ మిగిలిన కాసిని పొదల మీద అందరూ పడుతున్నారు. ఊళ్లలో కోసుకోండి, వద్దనను. రింగు రోడ్డు పక్కన మాత్రం కొమ్మ విరవడం ఆపాల్సిందే.

గుట్టబోడు: కొమ్మ వరకైతే సరే. పూగుత్తి గిల్లుకుంటే తప్పేముంది?