మహమ్మారి రోజుల్లో పక్షవాతం రోగికి అంబులెన్సు ఎక్కడ ఆలస్యమవుతుంది?

ప్రశ్న (దేవరకొండ ప్రాంతం నుంచి):
2021 మే నెలలో, కరోనా రెండో దశ ఉద్ధృతంగా ఉన్నప్పుడు, మా మేనమామ తెల్లవారి నిద్ర లేచేసరికి మూతి వంకరపోయి, కుడి చెయ్యి పడిపోయి ఉంది. 108 రావడమే చాలా ఆలస్యమైంది. ముందుగా తీసుకెళ్లిన ప్రైవేటు ఆసుపత్రివారు కరోనా రిపోర్టు లేనిదే లోపలికి రానివ్వలేదు. హైదరాబాదు చేరేసరికి ఇంజెక్షన్ ఇచ్చే సమయం దాటిపోయిందన్నారు. ఇప్పటికీ ఆయన కుడి చేత్తో అన్నం కలుపుకోలేరు. మెదడు జబ్బుకు కరోనా అడ్డెందుకు రావాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (గతంలో 108లో టెక్నీషియన్):
అప్పట్లో బండి మీ ఇంటికి బయలుదేరక ముందే సగం ఆలస్యం జరిగిపోయేది. కరోనా అనుమానం ఉన్న రోగిని దింపిన ప్రతిసారీ స్ట్రెచరు, పట్టుకునే కడ్డీలు, ఆక్సిజన్ గొట్టాలు క్రిములను చంపే హైపోక్లోరైట్ ద్రావణంతో తుడిచి ఆరనిచ్చాకే మరో కేసుకు కదలాలి. ఆసుపత్రిలో పడక ఖాళీ లేకపోతే రోగి బండిలోనే ఉండిపోయేవాడు, ఆయనతో పాటు బండీ అక్కడే చిక్కుకుపోయేది. పీపీఈ కిట్టు తొడుక్కోవడానికి పట్టే సమయం వీటి ముందు చాలా చిన్నది. అయితే దానివల్ల వేరే ఇబ్బంది ఉంది: కళ్లద్దాలకు ఆవిరి పట్టి, రెండేసి గ్లౌజులతో వేలికొన గుచ్చి షుగర్ చూడటం కష్టమయ్యేది. షుగర్ బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది కనుక ఆ పరీక్షను వదిలేయడానికి వీల్లేదు.

జవాబు 2 (నల్లగొండ, స్టాఫ్ నర్సు):
మీకు బాధ కలిగించినా ఒక సంగతి చెప్పాలండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. నిద్రలో వచ్చిన పక్షవాతానికి ఆ లెక్క లేచినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగా ఉన్నట్టు ఎవరైనా చూసినప్పటి నుంచి మొదలవుతుంది. కాబట్టి 108 వెంటనే వచ్చినా సమయం మిగిలి ఉండేదో లేదో చెప్పలేం. అయినా ఆ ఆసుపత్రి చేసింది మాత్రం సరికాదు. మెదడులో గడ్డా, రక్తస్రావమా అన్నది సీటీ స్కాన్‌తోనే తేలుతుంది. దానికి కరోనా రిపోర్టు కోసం ఆగనక్కరలేదు. రోగికి మాస్కు పెట్టి, కరోనా ఉన్నట్టే భావించి జాగ్రత్తలతో స్కాన్ చేయవచ్చు. కొందరికి పెద్ద రక్తనాళంలోని గడ్డను గొట్టం ద్వారా 24 గంటల వరకూ తీయవచ్చు కనుక, ఆలస్యమైందని ఇంట్లోనే ఉంచేయకూడదు.

జవాబు 3 (అలంపూర్):
మా వైపు దారే మూసుకుపోయింది. అదే మే నెలలో కర్నూలు వైపు నుంచి హైదరాబాదు వెళ్లే అంబులెన్సులను, ఆసుపత్రి ముందస్తు అనుమతి లేదని రాష్ట్ర సరిహద్దులోని పుల్లూరు టోల్‌గేటు వద్ద ఆపేశారు. హైకోర్టు స్టే ఇచ్చాకే అవి కదిలాయి. అందుకే నా మాటేమిటంటే, ఇంట్లో కారుంటే 108 కోసం చూడకుండా బయలుదేరడమే మేలు.

జవాబు 4 (మళ్లీ 108 టెక్నీషియన్):
అన్నా, కారు సిద్ధంగా ఉండి బండి దూరంగా ఉందంటే వెళ్లండి, కాదనను. కానీ దగ్గరి ఆసుపత్రికని కాకుండా, సీటీ, ఇంజెక్షన్ రెండూ ఉన్నచోటికి ముందే ఫోన్ చేసి వెళ్లండి. చివరిసారి బాగా చూసిన మనిషినీ, వాడుతున్న మాత్రల చీటీనీ వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే తెలియాలి. దారిలో నీళ్లు గాని, బీపీ మాత్ర గాని నోట్లో వేయవద్దు.