1978 సెస్నా 172ఎన్ తీసుకుందామని ఉంది. ఉప్పుగాలిలో ఉన్న విమానానికి ముందు ఏం చూడాలి?

కావలి_గాలిపటం:
అందరికీ నమస్కారం. అన్నదమ్ములం ఇద్దరం కలిసి పాత సెస్నా 172ఎన్ కొనాలనుకుంటున్నాం. ఇద్దరికీ పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) ఉంది. విమానం 1978 తయారీ, ఇంజన్ లైకోమింగ్ ఓ-320-హెచ్2ఏడీ. ఓవర్‌హాల్ (ఇంజన్ పూర్తిగా విప్పి బాగుచేయడం) తర్వాత 640 గంటలే నడిచింది. ఎయిర్‌ఫ్రేమ్ మొత్తం 6,100 గంటలు. గత ఆరేళ్లలో ఎగిరింది మాత్రం 35 గంటలే, మిగతా కాలమంతా తూర్పుతీరంలోనే ఒక షెడ్డులో ఉంది. నెలనెలా స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పుతున్నామని అమ్మేవాళ్లు అంటున్నారు. కిందటేడు కొత్తగా రంగు వేయించారు, చూడ్డానికి ముత్యంలా ఉంది. ధర కూడా తక్కువే.

ఇంజన్‌కి ఇంకా 1,360 గంటలు మిగిలి ఉన్నట్టే కదా? కావలి దగ్గర తుమ్మలపెంట రోడ్డులో మాకు పొలం ఉంది, సముద్రానికి నాలుగు కిలోమీటర్లు. అక్కడ షెడ్డు వేసి ఉంచుకోవడం కుదురుతుందా? కొనేముందు ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్) చేత ఏమేం విప్పించి చూపించుకోవాలి?

రెంచి_ఒంగోలు:
ఆ 640 గంటల అంకె పక్కన పెట్టు తమ్ముడూ. ఈ విమానం జాతకం "ఆరేళ్లలో 35 గంటలు" అన్నదాంట్లో ఉంది. లైకోమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1009లో ఓవర్‌హాల్‌కి 2,000 గంటలతో పాటు 12 ఏళ్ల గడువు కూడా ఉంది. ఓవర్‌హాల్ తేదీ చెప్పలేదు నువ్వు. ముందు అది కనుక్కో, మిగిలిన గంటల లెక్క ఆ తర్వాత.

లైకోమింగ్ ఇంజన్లలో వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఇంజన్ ఆపేశాక ఆయిల్ కిందికి జారిపోతుంది, కొన్ని వారాలకి కామ్ ఉబ్బుల (లోబ్‌ల) మీద పొర మిగలదు. మన తీరంలో తేమ ఎప్పుడూ ఉండేదే. లోబ్ మీద, దాన్ని ఒరుసుకుంటూ కదిలే ట్యాపెట్ ముఖం మీద సూదిమొనంత తుప్పు చుక్కలు లేస్తాయి. మళ్లీ నడిపినప్పుడు ఆ చుక్కల దగ్గర లోహం పెచ్చులూడుతుంది. లోబ్ అరిగేకొద్దీ వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, పవర్ పడిపోతుంది, ఊడిన రజను ఆయిల్‌తో పాటు తిరుగుతుంది. హెచ్2ఏడీకి ఈ జబ్బు మొదట్నుంచీ ఎక్కువే. అందుకే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 80-04-03 నంబరు డైరెక్టివ్ (ఏడీ)తో ఎల్‌డబ్ల్యూ-16702 అనే అడిటివ్‌ని తప్పనిసరి చేసింది. ఏరోషెల్ 15డబ్ల్యూ-50లో అదే పని చేసే మందు ముందే కలిసి ఉంటుంది, మళ్లీ పోయనక్కర్లేదు. లాగ్‌బుక్‌లో ప్రతి ఆయిల్ మార్పు దగ్గరా ఇది రాసి ఉందో లేదో చూడు. రాయకపోతే వెయ్యలేదనే లెక్క.

పది నిమిషాల గ్రౌండ్ రన్ మేలు చెయ్యదు, పైగా కీడు. పెట్రోలు మండితే నీరు పుడుతుంది, అది రింగుల పక్కనుంచి క్రాంక్‌కేసులోకి దిగుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితేనే ఆ నీరు ఆవిరై బ్రీదర్ గొట్టం గుండా బయటికి పోతుంది. లైకోమింగ్ చెప్పేది 30 రోజుల్లో ఒక్కసారైనా, ఆయిల్ 74 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేట్టు, ఆగకుండా ఒక గంట. నేల మీద నిలబెట్టి అంత వేడి తేవాలని చూస్తే సిలిండర్లు మాడతాయి. ఎగరాల్సిందే.

ఇంజన్ దగ్గర చేయించాల్సింది ఇదీ. ఫిల్టర్ విప్పించి డబ్బా కోయించు. లోపలి కాగితాన్ని మడత విప్పి, పిండి, ఎండలో చూడు. మెరిసే రజను అయస్కాంతానికి అంటితే ఉక్కు, అంటే కామ్ గానీ ట్యాపెట్లు గానీ. అంటకపోతే అల్యూమినియమో బేరింగు లోహమో. ఈ ఇంజన్‌లో ఒక సుఖం ఉంది: ట్యాపెట్లు గొట్టం ఆకారంవి, కేసు చీల్చకుండానే బయటికి లాగొచ్చు. మామూలు ఓ-320కి ఆ వీలు లేదు. కనీసం రెండు మూడు లాగించి ముఖాలు భూతద్దంలో చూపించమను. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపెయ్.

కంప్రెషన్ పరీక్ష వేడి ఇంజన్ మీదే, 80 పీఎస్‌ఐ గాలి పెట్టి. అంకె కన్నా గాలి ఎక్కడినుంచి కారుతోందో వినడం ముఖ్యం. సైలెన్సర్ గొట్టంలో బుస వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బ్యురేటర్లో వినపడితే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే గొట్టంలో వినపడితే రింగులు. ఎక్కువ కాలం కూర్చున్న ఇంజన్‌లో రింగుల దగ్గర కారడం మామూలే, కొన్ని గంటలు ఎగిరితే కొంత సర్దుకోవచ్చు. ఎగ్జాస్ట్ వాల్వ్ అయితే సర్దుకోదు. బోరోస్కోప్ (సన్నటి కెమెరా) పెట్టి సిలిండర్ గోడల మీద తుప్పు, వాల్వ్ అంచున ఒకపక్క మాడిన రంగు వెతకాలి.

ఈ ఇంజన్‌లో స్పార్క్ ఇచ్చే మాగ్నెటోలు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి, తిప్పే షాఫ్ట్ ఒక్కటే. దాన్ని బిగించే క్లాంపు వదులైతే రెండూ ఒకేసారి పోతాయి. ప్రతి ఆయిల్ మార్పుకీ ఆ నట్లు చెయ్యి పెట్టి చూడాలి.

ఇక రంగు. నన్నడిగితే పాత రంగుతో ఉన్న విమానమే నయం, తుప్పు ఎక్కడుందో కనపడుతుంది. కొత్త రంగు కింద దారాల్లా పాకే తుప్పు ఉంటే ఏడాది రెండేళ్లలో బొబ్బలెక్కుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. రంగు వేశాక ఎయిలరాన్లు, ఎలివేటర్, రడ్డర్ (విమానాన్ని తిప్పే కదిలే రేకులు) విడిగా విప్పి బ్యాలెన్స్ చూడాలి. బరువు తేడా పడితే వేగంలో ఫ్లట్టర్ (విపరీతమైన వణుకు) వస్తుంది. లాగ్‌బుక్‌లో బ్యాలెన్స్ చూసినట్టు రాసి ఉండాలి, మళ్లీ తూచిన ఎంప్టీ వెయిట్ కూడా.

ఆనాటి సెస్నాల లోపలి రేకులకి చాలావరకు ప్రైమర్ లేదు. కాబట్టి లోపల చూడాలి. సీలింగ్ గుడ్డ దించితే రెక్కల్ని కలిపే స్పార్ కనపడుతుంది, అక్కడ. రెక్కకి ఊతమిచ్చే స్ట్రట్ పైనా కిందా బిగించే ఫిట్టింగులు. తలుపు గడప కింద, నేలరేకుల కింద. చప్పుడు తగ్గడానికి రేకులకి అతికించిన స్పాంజి వెనక, అది నీళ్లు పీల్చి పట్టుకుంటుంది. రివెట్ చుట్టూ నల్లటి మరక ఉంటే అది వదులై కదులుతున్నట్టు. రేకు పొరలు పొరలుగా ఉబ్బితే ఆ ముక్క మార్చాల్సిందే, గీకి రంగు పూస్తే సరిపోదు. కంట్రోల్ కేబుళ్లని పుల్లీల దగ్గర గుడ్డతో గట్టిగా తుడువు. తెగిన తీగ ఉంటే గుడ్డ పట్టుకుంటుంది.

ఉప్పుగాలి:
తుమ్మలపెంట రోడ్డులో షెడ్డు సంగతి అడిగావు కదా అబ్బాయా. ఆ చుట్టుపక్కల రొయ్యల గుంటల గట్లమీద ఏరేటర్ బోల్టులు ఎట్టా ఉండాయో ఒకసారి చూసిరా. నీ విమానం రివెట్లకీ అదే గాలి. అయినా అక్కడ దించడానికి నీకు స్ట్రిప్ ఏది? సొంత స్ట్రిప్పుకి డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) అనుమతి కావాల. దగదర్తి ఎయిర్‌పోర్టు ఇంకా రాలా. రేణిగుంట, కడప వైపు పార్కింగ్ దొరికిద్దేమో అడుగు. కడప అయితే సముద్రానికి బాగా లోపల, లోహపు వస్తువుకి అదే మేలు.

యాడ పెట్టినా కాపాడుకునేది ఇట్టా. సముద్రం పక్కన ఎగిరొస్తే మంచినీళ్లతో, మెత్తటి సబ్బుతో కడుగు. ప్రెషర్ పంపు వాడొద్దు, చక్రాల బేరింగుల్లోకీ, వేగం కొలిచే పిటో గొట్టంలోకీ నీళ్లు కొట్టొద్దు. ఇన్‌స్పెక్షన్ ప్యానెళ్లన్నీ విప్పి రెక్కల లోపలా తోక లోపలా తుప్పు పట్టనివ్వని ఏసీఎఫ్-50 లాంటి మందు పొగలా కొట్టించు. బ్రేక్ డిస్కులకి తగలనీయొద్దు. నెలకి మించి ఎగరని పరిస్థితైతే పై స్పార్క్ ప్లగ్గులు తీసి సిలికా జెల్ ప్లగ్గులు పెట్టు. నీలం గులాబీ రంగుకి తిరిగితే తేమ నిండిందని, మార్చాల.

కందిరీగల్ని తక్కువ అంచనా వెయ్యొద్దు. ఎడమ రెక్క కింద, స్ట్రట్ వెనక ఇంధనం ట్యాంకుల వెంట్ గొట్టం ఉంటది. అందులో మట్టిగూడు పెడితే ట్యాంకులోకి గాలి పోదు, కొంతసేపు ఎగిరాక ఇంజన్‌కి పెట్రోలు దిగడం ఆగిపోద్ది. పిటోకి కవరు, ఇంజన్ మూత (కౌలింగ్) ముందు కన్నాలకి స్పాంజి దిమ్మలు, దేనికైనా ఎర్రగుడ్డ తోక వేలాడాల. లేకపోతే తియ్యకుండానే స్టార్ట్ చేస్తారు.

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పాత ఫ్యూయల్ క్యాపుల రబ్బరు రింగు ఎండి పగిలిపోయి ఉంటది, వాన నీళ్లు నేరుగా ట్యాంకులోకే. రింగులు చవక, కొన్న రోజే మార్చు. రెండు రెక్కల కిందా ఒక్కో డ్రెయిన్, ఇంజన్ దగ్గర స్ట్రెయినర్, మూడు చోట్లా గాజు సీసాలోకి పట్టి చూడు. ఏవీగ్యాస్ (విమానం పెట్రోలు) లేత నీలంగా ఉంటది, నీళ్లు అడుగున గుండ్లలా నిలబడతాయి. సీసా నిండా నీళ్లే వస్తే గీత కనపడదు, రంగు లేదేందని అప్పుడు అనుమానం రావాల.

తుపాను హెచ్చరిక వస్తే కట్టేసి కూర్చోవద్దు, ముందురోజే లోపలి ఊరికి ఎగరేసుకుపో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి ఎంతుందో గుర్తుండే ఉంటది. ఈ విమానం గంటకి 95 కిలోమీటర్ల ప్రాంతంలోనే గాల్లో నిలబడద్ది, గాలి అంత వేగంతో ఎదురొస్తే కట్టిన చోటే లేస్తది. తప్పనిసరై కట్టాల్సొస్తే రెక్కలకీ తోకకీ ముక్కుకీ 320 కిలోల లాగుడు తట్టుకునే తాళ్లు, ముక్కు గాలికి ఎదురు, ఫ్లాపులు పైకి, కంట్రోల్ లాక్ వేసి.

కావలి_గాలిపటం:
రెంచి అన్నా, ఉప్పుగాలి అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ట్యాపెట్లు లాగి చూస్తామని వాళ్లకి చెప్పాం, ఆలోచిస్తామన్నారు. రెండు చిన్న సందేహాలు. ఏవీగ్యాస్ దొరకనప్పుడు బంకు పెట్రోలు కలిపి వాడొచ్చా? సింగరాయకొండ, కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వేలు కట్టారు కదా, అత్యవసరానికి అవి లెక్కలోకి తీసుకోవచ్చా?

రెండో_సీటు:
బంకు పెట్రోలు వద్దు. ఈ ఇంజన్‌కి 100 ఆక్టేన్ ఏవీగ్యాస్ కావాలి. అది తక్కువైతే డిటొనేషన్ (ఇంధనం ఒక్కసారిగా పేలడం), పిస్టన్‌కి చిల్లు. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. అది పాత సీళ్లని, ఫ్లోట్లని పాడు చేస్తుంది, తేమ పీలుస్తుంది, మన ఎండకి లైన్లలోనే ఆవిరి కడుతుంది. ఏవీగ్యాస్ 100ఎల్‌ఎల్‌ని ఇండియన్ ఆయిల్ 2022 సెప్టెంబరు నుంచి వడోదరలో తయారుచేసి ఇస్తోంది, అంతకుముందు దిగుమతే. డ్రమ్ముల్లో తెప్పించుకుంటే చామోయిస్ తోలు గానీ నీటిని ఆపే ఫిల్టరు గానీ లేకుండా పొయ్యొద్దు, విమానాన్నీ డ్రమ్మునీ వైరుతో కలిపి ఎర్త్ చెయ్యకుండా మూత తియ్యొద్దు. ఎన్ మోడల్ మామూలు ట్యాంకుల్లో వాడుకోగలిగింది 40 గ్యాలన్లు, అంటే 151 లీటర్లు. గంటకి 32 లీటర్ల చొప్పున లెక్క వేసుకుని, కనీసం గంట మిగిలేట్టు ప్లాన్ చెయ్యి. పాత గేజీలను నమ్మొద్దు, పుల్ల ముంచి కొలువు.

హైవే స్ట్రిప్పులు వాయుసేన కోసం. కొరిశపాడు దగ్గర 2022 డిసెంబరులో చేసిన ట్రయల్ రన్‌కి ట్రాఫిక్ మళ్లించి చేశారు. మిగతా రోజుల్లో అది లారీలు తిరిగే రోడ్డే. ఇంజన్ ఆగిపోతే ఎంచుకోదగ్గది కోత కోసిన పొలం. నాట్లు వేసిన మడిలో ముక్కు చక్రం దిగబడి విమానం తిరగబడుతుంది. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్ ఉంది, మ్యాపులో చూసి మురిసిపోవద్దు, వాడకంలో లేదు.

మీరు అడగనివి కొన్ని. మొదటిది సీటు. పాత సెస్నాల్లో సీటు పట్టాల మీది రంధ్రాలు అరిగి పిన్ను సరిగా దిగదు. టేకాఫ్‌లో ముక్కు లేవగానే సీటు వెనక్కి జారుతుంది, పైలట్ చేతిలో ఉన్న వీల్ కూడా వెనక్కే వస్తుంది, స్టాల్ (రెక్కలు ఎత్తే బలం కోల్పోవడం). ఎఫ్‌ఏఏ 2011-10-09 డైరెక్టివ్ ప్రకారం పట్టాలు, రోలర్లు, పిన్నులు 100 గంటలకోసారి చూడాలి. సీటు జారకుండా ఆపే రెండో స్టాప్ బిగించి ఉందో లేదో చూడండి. బిగించినా, ఇంజన్ స్టార్ట్ చేసేముందు సీటుని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపి చూడటం మానొద్దు.

రెండు, కార్బ్యురేటర్ ఐస్. నెల్లూరు ఎండల్లో మంచేమిటని నవ్వేవాళ్లున్నారు. పెట్రోలు ఆవిరవడంతో, గాలి ఇరుకులో వ్యాకోచించడంతో లోపల ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. బయట 38 డిగ్రీలున్నా, తేమ 50 శాతమే ఉన్నా ఐస్ కట్టొచ్చు. డిసెంబరు పొద్దున తీరం వెంబడి దిగుతున్నప్పుడు అయితే చెప్పనక్కర్లేదు. థ్రాటిల్ తగ్గించేముందే కార్బ్ హీట్ పూర్తిగా లాగాలి. ఐస్ ఉంటే ఆర్పీఎం పడి, ఇంజన్ కాసేపు దగ్గి, తర్వాత పెరుగుతుంది. ఆ దగ్గుకి భయపడి హీట్ వెనక్కి తోసేయడమే ప్రమాదం.

మూడు, మే నెల. 43 డిగ్రీలప్పుడు సముద్రమట్టంలో ఉన్నా విమానానికి సుమారు 3,300 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. ఇద్దరు పెద్దవాళ్లు, నిండు ట్యాంకులు, 1,043 కిలోల గరిష్ఠ బరువు అంటే పరుగు పెరుగుతుంది, ఎక్కుడు తగ్గుతుంది. పొద్దున ఎగిరి పది గంటలలోపు దిగిపోవడం మేలు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే అడ్డగాలి కూడా తోడవుతుంది, ఈ మోడల్‌కి పరీక్షించి చూపించింది 15 నాట్ల దాకానే.

ప్రతి ఫ్లైట్‌కీ ఫ్లైట్ ప్లాన్, ఎఫ్‌ఐసీ (విమాన సమాచార కేంద్రం), ఏడీసీ (వాయు రక్షణ అనుమతి) నంబర్లు ఎటూ తప్పవు. దక్షిణం వైపు వెళ్తే శ్రీహరికోట ఉందని మరవొద్దు, ప్రయోగాల ముందు నోటామ్‌లు (పైలట్లకి హెచ్చరికలు) వస్తాయి, తేదీలు మారుతుంటాయి కూడా. చలికాలంలో పులికాట్ చుట్టూ ఫ్లెమింగోలు, పెలికాన్లు గుంపులుగా లేస్తాయి. తక్కువ ఎత్తులో అటు పోవద్దు.

రెంచి_ఒంగోలు:
రన్‌అప్ (ఎగిరేముందు ఇంజన్ పరీక్ష) అంకెలు కూడా రాసిపెట్టుకోండి: 1,700 ఆర్పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటోకి తగ్గుదల 125 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. తాళం ఆఫ్‌కి తిప్పినప్పుడు ఇంజన్ క్షణం ఆగబోతుందా అని కూడా చూడండి, నేల మీద, ఐడిల్‌లో. ఆగబోకపోతే పీ-లీడ్ (మాగ్నెటోని ఆపే వైరు) తెగింది, ప్రొపెల్లర్ ఎప్పుడూ కరెంటు మీద ఉన్నట్టే, చెయ్యి పెట్టొద్దు.

కాగితాల్లో రిజిస్ట్రేషన్, సీ ఆఫ్ ఏ (ఎగరడానికి అర్హత పత్రం), ఏఆర్‌సీ (ఆ అర్హతని సమీక్షించిన పత్రం), రేడియో లైసెన్సు, ఇన్సూరెన్సు, మూడు లాగ్‌బుక్‌లు, ఏడీలు చేసిన పట్టిక. ఏఆర్‌సీ ఏడాదికే చెల్లుతుంది. గడువు దాటి ఉంటే దాన్ని మళ్లీ బతికించే ఖర్చు అమ్మేవాళ్లదా మీదా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి. ట్యాపెట్ల విషయంలో "ఆలోచిస్తాం" అన్నవాళ్లు ఆలోచించేలోపు ఓవర్‌హాల్ తేదీ ఇక్కడ పెట్టు.